గాలి పట్టే ఇటుకలు

పోయిన ఏడాది ఫిబ్రవరి పదకొండు, మంగళవారం, ఉదయం పదకొండు గంటల ఐదు నిమిషాలకు మా తమ్ముడి కూతురు నా వంటింటి గట్టు మీద నల్లటి ముక్కొకటి పెట్టింది.

"అత్తయ్యా, దీని బరువెంతో చూడండి."

షుగరు వచ్చిన దగ్గర్నుంచి నేను అన్నం తూచుకుని తింటాను. అందుకని పోపుల డబ్బా పక్కనే గ్రాముల తూకం ఉంటుంది. ముక్కని దాని మీద పెట్టాను. నాలుగు వందల పన్నెండు చూపించింది. తీసి మళ్ళీ పెట్టాను. నాలుగు వందల పదమూడు.

"రెండిటి మధ్యా ఊగుతోంది. ఈ తూకానికి దశాంశం లేదు. పన్నెండనీ చెప్పలేను, పదమూడనీ చెప్పలేను. కచ్చితంగా కావాలంటే దశాంశం చూపించేది తెచ్చుకో."

అది పకపకా నవ్వి నా మెడ చుట్టూ చేతులు వేసింది. "తెచ్చేను. షెడ్డులో ఉంది. దాని దగ్గర కూర్చునే మనిషే లేరు. ఎవర్ని కూర్చోబెట్టినా సుమారుగా అంటున్నారు. సుమారుగా అనని మనిషి ఈ కొత్తపేటలో ఒక్కరే ఉన్నారండీ."

ముప్ఫై నాలుగేళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పాను. పదవీ విరమణ చేసి పద్నాలుగేళ్ళయింది. ఈ పద్నాలుగేళ్ళలో పెళ్ళిళ్ళకి పిలిచారు, వ్రతాలకి పిలిచారు గాని పనికి రమ్మని ఒక్కరూ పిలవలేదు. ఆ రోజు భోజనం పెందలాడే చేసి ఒంటి గంటకల్లా ఆటో ఎక్కాను.

ఆ ముక్కేమిటో ఇక్కడ చెప్పాలి. మా రోజుల్లో బడి పుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు అని ఉండేది. ఇప్పటి పిల్లలు కార్బన్ డయాక్సైడ్ అంటారు. పొగగొట్టాల నుంచి, బండ్ల నుంచి, మన ముక్కుల నుంచి వచ్చి గాలిలో చేరేది అదే. అది పేరుకుంటున్న కొద్దీ ఎండలు ముదురుతున్నాయని అందరూ వింటున్నదే. దాన్ని గాలిలోంచి మళ్ళీ బయటికి లాగాలంటే ఒక పదార్థం కావాలి. చల్లగా ఉన్నప్పుడు ఆ వాయువుని పట్టుకోవాలి, వేడి చేస్తే వదిలేయాలి, చల్లారాక మళ్ళీ పట్టుకోవాలి. వదిలినదాన్ని సిలిండర్లకి ఎక్కించుకుంటారు.

మా మేనకోడలు ఆ పదార్థాన్ని రాజోలు వైపు నుంచి వచ్చే కొబ్బరి చిప్పల బొగ్గుతో చేస్తోంది. అది కెమికల్ ఇంజనీరు. విశాఖపట్నంలో తొమ్మిదేళ్ళు ఫ్యాక్టరీ ఉద్యోగం చేసి, మానేసి వచ్చి, కాలవ గట్టున ఒకప్పుడు ఎండు కురిడీ కొబ్బరి నిలవ చేసిన షెడ్డు తీసుకుంది. బొగ్గు పొడిలో బంకమన్ను కలిపి ముద్ద చేస్తారు. దానికి ఆకారం ఇచ్చి, ఆరబెట్టి, గాలి చొరని బట్టీలో కాలుస్తారు. చివర్లో పొటాష్ నీళ్ళలో ముంచి మళ్ళీ ఆరబెడతారు. వాయువుని పట్టేది ఆ పొటాషే. బొగ్గు దానికి ఇల్లు.

కష్టమంతా ఆకారంలో ఉంది. పొడిని పొడిగానే పోస్తే అందులోంచి గాలి దూరదు. గుళికలు చేసి గుట్ట పోస్తే గాలిని తోయలేక ఫ్యాన్లు మూలుగుతాయి. అందుకని నాలుగంగుళాల ఇటుక చేసి, ఈ కొస నుంచి ఆ కొసకి తిన్నగా చిల్లులు పెట్టింది. వరుసకి పదహారు, అలాంటివి పదహారు వరుసలు, మొత్తం రెండు వందల యాభై ఆరు. మా మేనకోడలి నోటు పుస్తకంలో ఉన్నది నమ్మకుండా నేను లెక్కపెట్టాను. కంటి దగ్గర పెట్టుకుని చూస్తే అటువైపు కాలవ కనిపించాలి. ఒక్క చిల్లు మూసుకున్నా ఆ ఇటుక పనికిరాదు. షెడ్డులో పనిచేసే నలుగురు ఆడవాళ్ళూ వాటిని చిల్లుల ఇటుకలనేవారు. నాకూ అదే పేరు నోటికి అలవాటయింది.

ఆ నలుగురిలో మర తిప్పే ఆవిడ గురించి చెప్పాలి. అంతకుముందు కొబ్బరి తాళ్ళ మిల్లులో చేసింది. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే నమస్కారం పెట్టి మొదలుపెట్టింది.

"టీచరు గారండీ, మా పెద్దమ్మాయి మీ దగ్గరే చదివిందండి. లెక్కల్లో ముప్ఫై నాలుగొస్తే ఇంకొక్కటి కలపమని మీ ఇంటికొచ్చేను. గుర్తుందాండీ? మీరు కలపలేదు."

"ముప్ఫై నాలుగొస్తే ముప్ఫై నాలుగే వేస్తాను."

"ఆయ్. మళ్ళీ రాసి నలభై ఎనిమిది తెచ్చుకుందిలెండి. ఇప్పుడు బ్యాంకులో చేస్తోంది. మిమ్మల్నేమీ అనట్లేదండీ, ఊరికే గుర్తు చేసేను."

ఆ మర చూడాల్సిందే. ఒకవైపు నల్లటి ముద్ద వేసి చక్రం తిప్పితే రెండోవైపు చిల్లుల బిళ్ళలోంచి నల్లటి దూలం మెల్లగా బయటికొస్తుంది. దూలం నిండా చిల్లులే. సన్నటి తీగతో కోస్తే ఇటుకలు. మొదటిసారి చూసినప్పుడు నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. చక్రం నన్నూ తిప్పనివ్వమన్నాను. మూడు చుట్లు తిప్పేసరికి భుజం పట్టేసింది గాని అంగుళం దూలం వచ్చింది. ఆ అంగుళం నాదే.

అయితే మర నుంచి చక్కగా వచ్చిన ఇటుకలు ఆరేటప్పటికి వంకర తిరిగి పగిలేవి. మొదటి ఇరవై నాలుగింటిలో నిలిచినవి మూడు. నేను రెండేసి గంటలకొకసారి ఒక్కొక్కదాన్నీ తూచి రాస్తుంటే, కిటికీ వైపున్నవి నీళ్ళు త్వరగా వదిలేస్తున్నాయని అంకెల్లో తేలింది. మా మేనకోడలు ఆ అంకెలు చూసి తల పట్టుకుంది. "గోదావరి గాలి తగలాలని కిటికీలు తీసిందాన్ని నేనే కదా అత్తయ్యా! ఒక పక్క ఆరిపోయి ముడుచుకుంటోంది, రెండో పక్క ఇంకా పచ్చిగా ఉంది. పగలక ఏం చేస్తుంది?" కిటికీలు మూసేశాం. ఇటుకల మీద తడి గోనెలు కప్పాం. రోజున్నరలో ఆరేవాటిని నాలుగు రోజులు ఆరనిచ్చాం. మార్చి ఆరు, గురువారం, గోనె తీసేసరికి ఇరవై నాలుగుకి ఇరవై రెండు నిలిచి ఉన్నాయి. మర తిప్పే ఆవిడ ఈల వేసింది. ఆడది ఈల వేయడం నేనెప్పుడూ మెచ్చుకోలేదు. ఆ రోజు ఇంకోసారి వేయమన్నాను.

ఏప్రిల్ రెండున, బుధవారం, ఇటుక నిజంగా గాలిని పడుతుందో లేదో చూశాం. అరచేతిలో పట్టే మీటరొకటి ఉంది, గాలిలో బొగ్గుపులుసు వాయువు ఎంతుందో పది లక్షల్లో ఇన్ని వంతులని చూపిస్తుంది. షెడ్డు బయట నాలుగు వందల ఇరవై ఆరు ఉంది. లోపలికి తెచ్చి బల్ల మీద పెట్టి అందరం చుట్టూ చేరేసరికి ఆరు వందలు దాటింది.

"ఇదేంటండీ, పెరుగుతోంది?" అంది మర ఆవిడ వంగి చూస్తూ. ఆరు వందల డెబ్బై.

"మీరు మాట్లాడుతుంటే పెరుగుతోంది" అంది మా మేనకోడలు. "ఊపిరి వదిలితే వచ్చేది అదే మరి."

"నేనేం మాట్లాడేనండీ? నేనసలు నోరే విప్పలేదు కదా, ఇదిగో టీచరు గారిని అడగండి..." ఏడు వందల ముప్ఫై.

"అమ్మా, నువ్వు కాసేపు కాలవ గట్టున నుంచో" అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వుకి ఎనిమిది వందలయింది.

పెద్ద గాజు జాడీలో మీటరూ, వేడి చేసి చల్లార్చిన ఇటుకా పెట్టి మూత బిగించాం. దూరంగా జరిగి, ముక్కులకి కొంగులు అడ్డం పెట్టుకుని చూశాం. ఎనిమిది వందలు ఏడు వందలయింది. ఆరు వందలు, ఐదు వందలు. బయటి గాలి అంకె దాటి కిందికి దిగినప్పుడు మా మేనకోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, గాజులు గుచ్చుకున్నాయి. అంకె నూట తొంభైకి వచ్చి నిలిచింది. ఎవరూ ఏమీ చేయడం లేదు. నల్లటి ఇటుక ఊరికే కూర్చుంది, జాడీలో గాలి మారిపోతోంది! డెబ్బై రెండేళ్ళ వయసులో అలాంటిది కళ్ళతో చూస్తానని నేననుకోలేదు. ఆ రాత్రి తూచకుండా అన్నం తిన్నాను.

తరవాత వారం హైదరాబాదు నుంచి కబురొచ్చింది. అక్కడొక కంపెనీ గాలిలోంచి వాయువు లాగే యంత్రం కడుతోంది. ఇటుకలు చేసేవాళ్ళు ముగ్గుర్ని ఎంచుకుని, ముగ్గురికీ తలా ఒక వారం వంతు ఇచ్చారు. యంత్రంలో ఇటుకలు అమర్చే చట్రానికి రెండు వందల నలభై పడతాయి. మా వంతు జూన్ పదహారు, సోమవారం, ఉదయం పది గంటలకి మొదలు. ఆ గంటకి చట్రం నిండకపోతే వంతు తరవాతివాళ్ళకి వెళుతుంది. జాడీలో పనిచేయడం వేరు, ఫ్యాన్ల గాలిలో, వందల ఇటుకల వరుసలో పనిచేయడం వేరు. పనిచేస్తుందని రుజువు కావడానికి ఆ చట్రం తప్ప ఇంకో దారి లేదు. మా మేనకోడలికి రెండేళ్ళుగా కావలసింది అదొక్కటే.

వాళ్ళ షరతు కూడా ఒకటుంది. ఇటుకలు వదిలే వాయువు శుభ్రంగా ఉండాలి. నూనె, పొగ, వాసన ఏదీ కలవకూడదు. కలిస్తే వాళ్ళ కొలిచే పరికరాలు పాడవుతాయి.

అందుకని షెడ్డులో కట్టుదిట్టం చేశాం. టీ కాచే గ్యాసు పొయ్యిని గట్టు మీది చెట్టు కిందికి మార్చాం. బొగ్గు తెచ్చే వ్యాను రోడ్డు మీదే ఇంజను ఆపాలి. మర ఆవిడ మొగుడు ఆవిణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చి బీడీ వెలిగిస్తే, ఆవిడే వెళ్ళి నోట్లోంచి లాగి కాలవలో పడేసింది. "ఇంట్లో నా మీదికి వదిలేవు సరే, ఇక్కడ ఇటుకల మీదికి వదిలితే ఊరుకోను" అంది.

జూన్ పదమూడు, శుక్రవారం నాటికి తయారైనవి రెండు వందల అరవై రెండు. అన్నిటికీ అంకెలు వేసి, వేడి చేసి, తూచి రాశాను. మూత బిగుసుకునే డబ్బాలు డెబ్బై ఇటుకలకి సరిపడానే వచ్చాయి, మిగతా డబ్బాలు శనివారం పొద్దున్న వస్తాయన్నారు. మిగిలిన నూట తొంభై రెండు ఇటుకలూ, తడివి ఆరబెట్టే వెచ్చటి ఆరుగదిలో, బల్లల మీద వరుసగా, తలుపులు వేసి ఉంచాం.

సాయంత్రం నాలుగింటికి అమలాపురం బస్సు దిగి మా మరదలు వచ్చింది. మా తమ్ముడి భార్య, మా మేనకోడలి తల్లి. ఉద్యోగం మాని బొగ్గు పిసుకుతోందని రెండేళ్ళుగా కూతురి మీద అలక. ఎన్నిసార్లు పిలిచినా షెడ్డుకి రాలేదు. ఆ రోజు పిలవకుండానే వచ్చింది. సంచిలో కొబ్బరికాయలు, పువ్వులు, పావుకిలో సాంబ్రాణి.

"ఆదివారం సరుకు బయల్దేరుతుందంట కదా" అంది గుమ్మంలోనే. "మొదటి సరుకు పూజ లేకుండా పంపుతారా? మీరైనా చెప్పొద్దా వదినగారూ?"

"ఏడాదికి అరవై పూజలు చేస్తావు నువ్వు. నేను చెప్పడమేంటి?"

మా మేనకోడలు వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని షెడ్డంతా తిప్పింది. మర చూపించింది, బట్టీ చూపించింది, ఇటుక చేతిలో పెట్టి చిల్లుల్లోంచి కాలవ చూపించింది. మా మరదలు ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసి, "ఇది నువ్వే చేసేవా?" అంది. అంతే. కాని ఆ మాటకి కూతురి మొహం వెలిగిపోయింది.

మరకి, బట్టీకి, తూకానికి కూడా బొట్లు పెట్టారు. గుమ్మంలో కొబ్బరికాయ కొట్టారు. తరవాత మా మరదలు మూడు మట్టి మూకుళ్ళలో కొబ్బరి పీచు నిప్పులు వేయించి, సాంబ్రాణి పొట్లం మొత్తం వాటిలో పంచింది. ఐదు గంటల పది నిమిషాలకి ధూపం మొదలైంది. షెడ్డు నాలుగు మూలలా తిప్పి, "సరుకెక్కడుంది?" అంది. ఆరుగది చూపించారు. మూడు మూకుళ్ళూ లోపల పెట్టి, ధూపం బాగా పట్టాలని తలుపు దగ్గరికి వేసింది.

మేం ఆరుగురం అక్కడే ఉన్నాం. గ్యాసు పొయ్యి బయట పెట్టినవాళ్ళం, వ్యాను ఆపినవాళ్ళం, బీడీ కాలవలో పడేసిన మనిషి, షరతు చదివి వినిపించిన ఇంజనీరు, ముప్ఫై నాలుగుకి ఒకటి కలపని నేను. అందరం కళ్ళకద్దుకున్నాం. పొయ్యిది పొగ, బండిది పొగ, బీడీది పొగ. ధూపాన్ని ఆ లెక్కలో ఎవరం వేయలేదు. చిన్నప్పట్నుంచీ శుభ్రం చేయడానికి వేసేదాన్ని మురికి కింద ఎవరు జమ కడతారు?

ప్రసాదం తిని, మాటల్లో పడి, ఐదూ యాభైకి మర ఆవిడ మూకుళ్ళు తీద్దామని తలుపు తెరిచింది.

"ఇదేంటండీ! వాసనే లేదు!"

అందరం వెళ్ళాం. బయట షెడ్డులో సాంబ్రాణి ఇంకా గుప్పుమంటోంది. మూడు మూకుళ్ళు పెట్టిన ఆ గదిలో మాత్రం ఏమీ లేదు. గాలి కడిగేసినట్టుంది. మా మరదలు ముక్కు ఎగరేసి పీల్చింది. "పావుకిలో వేసేనే! నకిలీ సరుకు అంటగట్టేడా ఏంటి?"

"నకిలీ కాదమ్మా, తినేసేయి!" మా మేనకోడలు చప్పట్లు కొట్టింది. "ఇటుకలు నీ సాంబ్రాణి తినేసేయి! మూడు మూకుళ్ళ ధూపం, నలభై నిమిషాల్లో! చూసేవా అమ్మా, చూసేవా ఎలా పడుతున్నాయో!" గుమ్మంలోనే గంతులు వేసింది. మర ఆవిడ ఈల వేసింది. మా మరదలు తెల్లబోయి, తరవాత నవ్వి, కూతురి బుగ్గలు పట్టుకుంది. నిజం చెప్పాలంటే నాకూ ఒళ్ళు పులకరించింది. జాడీలో ఒక్క ఇటుక చేసిన పనిని గది నిండా నూట తొంభై రెండు కలిసి చేశాయి!

నవ్వుతూ నవ్వుతూనే మా మేనకోడలు ఆగిపోయింది. నా వైపు చూసింది. నేనప్పటికే దగ్గర్లో ఉన్న ఇటుక తీసుకుని తూకం వైపు నడుస్తున్నాను.

నూట పద్దెనిమిదో ఇటుక. నేను రాసినది నాలుగు వందల పన్నెండు పాయింట్ ఆరు. ఇప్పుడు నాలుగు వందల పద్దెనిమిది.

"అది పట్టుకున్న వాయువు, తేమ కూడా అయ్యుంటాయి" అంది మా మేనకోడలు. "వేడి చేస్తే పోతాయి." ఇటుకలు వేడి చేసే కరెంటు పొయ్యిలో పెట్టి గంటసేపు ఉంచాం. నాలుగు వందల పదమూడు పాయింట్ రెండు. ఇంకో గంట. పదమూడు పాయింట్ ఒకటి. మూడోసారి కూడా అదే. ఆ చివరి అర గ్రాము మాత్రం దిగడం లేదు. పొయ్యి తలుపు తెరిచిన ప్రతిసారీ సన్నగా, తియ్యగా సాంబ్రాణి వాసన వచ్చింది.

ఆ వాసనకి మా మరదలు లేచి వచ్చింది. "ఇప్పుడొస్తోంది కదా వాసన! అయితే నకిలీ కాదన్నమాట!" అంది సంతోషంగా.

ఆవిడ మా మొహాలు ఒక్కొక్కటీ చూసింది. "ఏమయ్యింది వదినగారూ?"

మా మేనకోడలు వద్దని నాకు కళ్ళతో సైగ చేసింది. కాని అడిగింది నన్ను. "ధూపం పట్టినవి యంత్రానికి పనికిరావు. వేడి చేసినప్పుడల్లా కొంచెం కొంచెం వాసన వదులుతాయి."

"ఎన్ని?"

"నూట తొంభై రెండు."

మా మరదలు కుర్చీలో కూర్చుండిపోయింది. చేతిలో ప్రసాదం గిన్నె ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తోచనట్టు పట్టుకుంది. కూతురు వెళ్ళి గిన్నె తీసుకుని పక్కన కూర్చుంది. "అమ్మా, షరతు నాకు తెలుసు. నీకు తెలీదు. మూకుళ్ళు లోపలికి తీసుకెళ్తుంటే తలుపు తీసి పట్టుకున్నది నేనే" అంది. ఆ మాట నిజం. తలుపు పట్టుకున్నది అదే.

శనివారం పొద్దున్న డబ్బాలొచ్చాయి. వాటిని చూస్తూ మర ఆవిడ నెమ్మదిగా అంది: "అమ్మాయిగారూ, మన కొబ్బరి దింపుల వాళ్ళు రాశి పోసేటప్పుడు పెద్ద కాయలు పైకి వేస్తారు కదండీ. మంచివి డెబ్బై ఉన్నాయి. ముందు వరుసల్లో పెడితే..."

"వెనకవి?"

"వెనక ఉంటాయండి. ఎవరు వాసన చూస్తారు?"

మా మేనకోడలు నిజంగానే ఆలోచించింది. నేను చూశాను. డబ్బాల మీద చెయ్యి వేసి, పెదవి కొరుక్కుంటూ నిలబడింది. ఆ చట్రం ఎక్కకపోతే రెండేళ్ళ పని జాడీలోనే మిగిలిపోతుంది. చివరికి, "వాళ్ళ పరికరం వాసన చూస్తుందండీ. రెండోసారి నన్ను పిలవరు" అని ఫోను తీసింది. తొమ్మిదిన్నరయింది.

అవతల కంపెనీ ఇంజనీరు. స్పీకరు పెట్టింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. తరవాత, "ధూపమా? మీరే వేసేరా?" అన్నాడు.

"ఆయ్."

"ఎంత వేసేరండీ?"

అది నా వైపు చూసింది. "పావుకిలో" అన్నాను గట్టిగా. "మూడు మూకుళ్ళలో. నలభై నిమిషాలు."

అతను నవ్వాపుకోలేకపోయాడు. ఆ తరవాత మాత్రం నిక్కచ్చిగా మాట్లాడాడు. డెబ్బైతో చట్రం నడవదు. సోమవారం పదింటికి వంతు తరవాతివాళ్ళకి పోతుంది. అది మార్చడం తన చేతిలో లేదు. ఫోను పెట్టేస్తాడనుకుంటుండగా, "ఏవండీ, నలభై నిమిషాల్లో గది మొత్తం లాగేశాయా?" అన్నాడు మళ్ళీ. "పక్కన చిన్న పెట్టె ఉంది. అరవై నాలుగు పడతాయి. అది పోటీలోకి రాదు, మా సొంత పరీక్షకి వాడుకుంటాం. తెచ్చి పెట్టండి, చూద్దాం."

మా మేనకోడలు ఫోను గుండెకి ఆనించుకుని మమ్మల్ని చూసింది. మర ఆవిడ అప్పటికే డబ్బాలకి తాడు కడుతోంది.

ఆదివారం మా మేనకోడలు డబ్బాలతో వ్యానులో హైదరాబాదు బయల్దేరింది. జొన్నాడ దగ్గర హైవే ఎక్కేదాకా నేనూ వెళ్ళాను, డబ్బాలు కుదుపులకి ఎలా ఉన్నాయో చూడాలి కదా. మా మరదలు అమలాపురం వెళ్ళలేదు. షెడ్డులోనే ఉండి, నేను తిరిగొచ్చాక ఆరుగది గోడలు సబ్బునీళ్ళతో మూడుసార్లు కడిగింది. వాసన పోయిందా అని ప్రతిసారీ నన్ను పిలిచి చూపించింది. మూడోసారికి పోయింది. అలాగే చెప్పాను.

సోమవారం చట్రంలో వేరేవాళ్ళ ఇటుకలు పెట్టారు. మంగళవారం ఏ కబురూ లేదు. బుధవారం సాయంత్రం నాలుగూ ఇరవైకి ఫోను మోగింది. తీయగానే ఫ్యాన్ల హోరు, దాని మీద అరుపు.

"అత్తయ్యా! ఆరుసార్లు పట్టేయి, ఆరుసార్లు వదిలేయి! ఆరోసారి కూడా మొదటిసారి అంతే! వినిపిస్తోందా? చిల్లుల్లోంచి గాలి పోతోంది, వినండి, వినండి!" ఫోను యంత్రానికి ఆనించింది కాబోలు. నేను విన్నాను. వర్షం ముందు కొబ్బరాకుల్లో వచ్చే చప్పుడులా ఉంది. స్పీకరు పెట్టి అందరికీ వినిపించాను. ఈసారి ఈల మా మరదలు వేసింది. రాదు, గాలే వచ్చింది, అయినా వేసింది.

వాసన ఉందా అని అడిగాను. లేదట. ఒక్క రవ్వ కూడా లేదట. మళ్ళీ చట్రం వంతు ఇస్తారా అని కూడా అడిగాను. ఏమీ చెప్పలేదంది. చెప్పని దాన్ని నేను ఏ లెక్కలోనూ వేయను.

జూన్ ఆఖరి వారంలో ధూపం పట్టిన ఇటుకలు ఇరవై నాలుగింటిని మళ్ళీ బట్టీలో పెట్టాం. ఎక్కువ వేడికి వాసన పోయింది గాని, ఆ వేడికి పొటాషే ఇటుకలోని బంకమన్నుని తినేసింది. పగలకుండా వచ్చినవి మూడు. వాటికి గాలి పట్టే శక్తి సగం కూడా లేదు. మిగిలిన నూట అరవై ఎనిమిదీ ఆడవాళ్ళు తలా కొన్ని పంచుకుని బీరువాల్లో, చెప్పుల గూళ్ళలో పెట్టుకున్నారు. ఎండ తగిలితే సాంబ్రాణి వాసన వస్తున్నాయట.

పోయినవి ఇవి. ఇటుకలు నూట తొంభై రెండు. తూకంలో డెబ్బై తొమ్మిది కిలోల మూడు వందల నలభై గ్రాములు. వాటిలో బట్టీలో పగిలినవి ఇరవై ఒకటి. సాంబ్రాణి పావుకిలో. చట్రంలో మా వంతు, ఒకటి.